ముక్కు పైకెత్తి ఫ్యూయల్ కొలవకుండా ఎగరొద్దు: సొంత డిజైన్ విమానం కట్టుకున్నవాళ్ళకి జాగ్రత్తలు

పోయిన నెల అమెరికాలో మా దగ్గరి చిన్న ఎయిర్‌పోర్టులో ఒకాయన సొంతంగా డిజైన్ చేసి కట్టుకున్న విమానం టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజిన్ ఆగి, రన్‌వే అవతల మొక్కజొన్న కోసేసిన చేలో పడింది. ప్రాణం దక్కింది. నడుము మాత్రం బాగా దెబ్బతింది, ఇంకా హాస్పిటల్లోనే ఉన్నాడు. ఆయన మెకానికల్ ఇంజినీరు. రేకు పని చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క రివెట్టు కూడా వంకర ఉండదు. ఆ విమానం కిందటేడాది బాగానే ఎగిరింది కూడా. చలికాలంలో హ్యాంగర్లో కూర్చుని రెండే రెండు మార్పులు చేశాడు. ఫ్యూయల్ ఎంత ఖర్చవుతోందో చూపించే సెన్సర్ ఒకటి లైన్లో పెట్టాడు, పాత ఫిల్టర్ తీసేసి ఇంకా సన్న జాలీ ఉన్నది బిగించాడు. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో నడిపి చూసుకున్నాడు, ఇంజిన్ ఎక్కడా తడబడలేదు. సరేననుకుని ఎగిరాడు. తర్వాత మిగిలిన గొట్టాలూ ఫిల్టరూ, విమానం ముక్కు లేచినప్పుడు ఏ ఎత్తుల్లో ఉంటాయో అలాగే అమర్చి కొలిస్తే, ఆ ఇంజిన్‌కి టేకాఫ్‌లో కావలసినంత ఫ్యూయల్ రావడం లేదు.

ఇలాంటిది నేను చూడటం ఇది మొదటిసారి కాదు, అందుకే ఇదంతా రాస్తున్నా. ఏప్రిల్ వచ్చింది, మంచు కరిగింది, చలికాలమంతా పని చేసుకున్నవాళ్ళు విమానాల్ని బయటికి లాగుతున్నారు. జులై చివర్లో విస్కాన్సిన్‌లోని ఓష్కోష్‌లో జరిగే ఎయిర్‌వెంచర్ విమానాల మేళాకి సొంత విమానంలో వెళ్ళాలని అందరికీ ఉంటుంది. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళు కూడా కొంతమంది మా ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం) చాప్టర్ మీటింగులకి వస్తున్నారు. ఎక్కువమంది కంపెనీ అమ్మే విడిభాగాల కిట్లు కట్టేవాళ్ళే, ఒకరిద్దరు మాత్రం కాగితం మీద మొదటి గీత నుంచీ తామే గీసుకున్నారు. ఇది ముఖ్యంగా ఆ ఒకరిద్దరి కోసం. చెక్‌లిస్టు చదవండి, వాతావరణం చూసుకోండి లాంటివి మీకు తెలుసు, అవి వదిలేస్తున్నా.

మీ విమానం ప్రపంచంలో ఒక్కటే

వ్యాన్స్ అనే కిట్ల కంపెనీ వాళ్ళ ఆర్‌వీ కిట్ కట్టుకుంటే, ఆ కుటుంబంలో మీకంటే ముందు 11,000కి పైగా విమానాలు ఎగిరాయి. ఏ బ్రాకెట్ పగులుతుందో, ఏ గొట్టం రాసుకుని చిల్లు పడుతుందో ఎవరో ఒకరు చూసి, చెప్పి, కంపెనీ చేత బులెటిన్ ఇప్పించారు. మీ విమానానికి ఆ అవకాశం లేదు. దాంట్లో ఉన్న ప్రతి లోపాన్నీ మొదట కనిపెట్టాల్సింది మీరే, నేల మీద కనిపెట్టకపోతే గాల్లో కనిపెడతారు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తరఫున వచ్చినాయన చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు కదా అంటారు. ఆయన చూసేది సగానికి పైగా పని మీరే చేశారా, పనితనం ఎలా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని. మీ డిజైన్‌కి ఆయన పూచీ పడడు. మీ ట్యాంకు కార్బురేటర్ కంటే ఎంత ఎత్తులో ఉంది, ముక్కు లేస్తే ఆ ఎత్తు ఎంత మిగులుతుంది అని ఆయన లెక్క వేయడు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టిన విమానాల మీద పెద్ద అధ్యయనం చేసింది. చిన్న విమానాల్లో ఇలాంటివి అప్పటికి దాదాపు 10 శాతమే. 2011 ప్రమాదాల్లో మాత్రం వీటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. కారణాల్లో ముందు వరసలో ఉన్నవి రెండు: ఇంజిన్ శక్తి పోవడం, విమానం అదుపు తప్పడం. మొదటిది చాలాసార్లు రెండోదానికి దారి తీస్తుంది. తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగుతుంది, పైలట్ రన్‌వే వైపు తిరగబోతాడు, స్పీడు చాలదు, ఒక పక్క రెక్క వాలిపోయి విమానం కూలుతుంది.

ఆ ఒక్క తప్పు

నేల మీద ఇంజిన్ బాగా నడిచింది కాబట్టి ఫ్యూయల్ సిస్టమ్ బాగున్నట్టే అనుకోవడం. నేను చూసినంతలో చేయితిరిగిన మనుషుల్ని ముంచింది ఇదే.

ఎందుకో చూడండి. గ్రావిటీ మీద ఆధారపడే సిస్టమ్‌లో ఫ్యూయల్‌ని తోసేది ట్యాంకుకీ కార్బురేటర్‌కీ మధ్య ఉన్న ఎత్తు తేడా ఒక్కటే. ట్యాంకు కార్బురేటర్‌కి 1.2 మీటర్లు వెనక ఉందనుకోండి, నేల మీద విమానం సమంగా ఉన్నప్పుడు 45 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉందనుకోండి. క్లైంబ్‌లో, అంటే పైకి ఎక్కేటప్పుడు, ముక్కు 15 డిగ్రీలు లేచిందంటే, ట్యాంకు కార్బురేటర్‌తో పోలిస్తే దాదాపు 30 సెంటీమీటర్లు కిందికి దిగినట్టే. మిగిలేది 15 సెంటీమీటర్లు. సరిగ్గా అప్పుడే ఇంజిన్ అన్నిటికంటే ఎక్కువ తాగుతుంది. కార్బురేటర్ గిన్నెలో ఉన్న కాస్త ఫ్యూయల్‌తో పరుగూ లేవడమూ అయిపోతాయి, ఆ తర్వాత గిన్నె ఖాళీ. అందుకే ఇది ఎప్పుడూ రన్‌వే అయిపోయాకే, చెట్ల మీద ఉన్నప్పుడే జరుగుతుంది. సన్న ఫిల్టరూ సెన్సరూ ఒక్కొక్కటీ కొంచెమే అడ్డుపడతాయి, కానీ 45 సెంటీమీటర్లున్నప్పుడు లెక్కలోకి రాని అడ్డు 15 సెంటీమీటర్ల దగ్గర ఇంజిన్‌ని ఆపేస్తుంది.

మన ఇంజినీర్లకి లెక్క వేశాం కదా అన్న ధైర్యం ఒకటి ఉంటుంది. లెక్కలో గొట్టం లోపలి కొలత ఉంటుంది. ఎల్బో (గొట్టం మలుపు ముక్క) లోపల అరగదీయకుండా వదిలేసిన లోహపు పొక్కు ఉండదు, బిగించినప్పుడు నలిగిన గొట్టం ఉండదు, ట్యాంకులోంచి వచ్చిన ఫైబర్‌గ్లాస్ పొడి ఉండదు. లెక్క వేయండి, వేసి పక్కన పెట్టి, కొలవండి.

ఎలా కొలవాలి

ఆరుబయట, గాలి ఆడే చోట చెయ్యండి. విమానానికీ, ఫ్యూయల్ పట్టే డబ్బాకీ ఎర్త్ వైరు కలపండి. ప్లాస్టిక్ బకెట్ వద్దు. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. ముందు చక్రం ఉన్న విమానమైతే ముక్కు లేపి కింద గట్టి దిమ్మెలు పెట్టండి, తోక చక్రం ఉన్నదైతే ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించండి. తోక కింద స్టాండు, రెక్కకి ఒక మనిషి, లేకపోతే విమానం వెనక్కి కూలబడుతుంది. డిజిటల్ లెవెల్ పెట్టి కోణం చూడండి. మీ విమానం ఎంత నిటారుగా ఎక్కుతుందని అనుకుంటున్నారో, దానికి ఇంకో 5 డిగ్రీలు కలపండి.

ట్యాంకు నింపి కొలిచేవాళ్ళున్నారు, అది దండగ. నిండు ట్యాంకులో ఎత్తు తేడా ఎక్కువ, అంకె బాగా వస్తుంది, మనసుకి హాయిగా ఉంటుంది. మీరు ఎగరడానికి ఒప్పుకునే అతి తక్కువ మట్టంతో కొలవండి.

కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, దాని చివరని కార్బురేటర్ ఎత్తులోనే పట్టుకోవాలి. ఇది చాలామంది పాడుచేస్తారు. గొట్టాన్ని కింద నేల మీదున్న డబ్బాలోకి దించేస్తారు, ఆ దించిన ఎత్తంతా తోడై ధార జోరుగా వస్తుంది, ఆహా అనుకుంటారు. ఆ జోరు ఇంజిన్‌కి ఉండదు. ఒక మనిషి ఆ చివరని కార్బురేటర్ మూతి పక్కనే కదలకుండా పట్టుకోవాలి, అక్కడి నుంచి కిందికి విడిగా జారాలి.

ఇప్పుడు వాచీ పట్టుకోండి. గ్రావిటీ సిస్టమ్ అయితే, టేకాఫ్ పవర్‌లో ఇంజిన్ తాగేదానికి 150 శాతం రావాలి. పంపు ఉంటే 125 శాతం. ఇంజిన్ గంటకి ఎంత తాగుతుందో తయారీవాళ్ళ మాన్యువల్లో ఉంటుంది. 100 హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ టేకాఫ్‌లో గంటకి సుమారు 32 లీటర్లు తాగుతుందనుకుంటే, గ్రావిటీకి గంటకి 48 లీటర్లు, అంటే నిమిషానికి 800 మిల్లీలీటర్లు రావాలి. పంపుతో అయితే గంటకి 40 లీటర్లు, నిమిషానికి 670 దాకా. 800 రావాల్సిన చోట 780 వస్తే పర్వాలేదులే అనుకోవద్దు. ఎక్కడ అడ్డం పడుతోందో వెతకండి.

ఒక్క నిమిషం కొలిచి ఆపెయ్యొద్దు. ట్యాంకు వెంట్ (లోపలికి గాలి వచ్చే గొట్టం) మూసుకుపోయి ఉంటే మొదటి నిమిషం బాగానే వస్తుంది, లోపల గాలి చాలక తర్వాత్తర్వాత సన్నబడుతుంది. ధార తెగేదాకా పోనివ్వండి. చివరికి ట్యాంకు అడుగున ఎంత మిగిలిపోయిందో, ముక్కు లేచినప్పుడు వాడుకోలేని ఫ్యూయల్ అదన్నమాట, అది కూడా తెలుస్తుంది. ఆ తర్వాత ఫిల్టర్ విప్పి, తెల్ల గుడ్డ మీద దులిపి చూడండి. ట్యాంకు సీలెంట్ తునకలు, రేకు రజను ఏం కనిపించినా ట్యాంకు కడిగి మళ్ళీ మొదటి నుంచి.

ఎన్ని ట్యాంకులుంటే అన్నిటికీ విడివిడిగా.

మార్పు చిన్నదైనా మళ్ళీ కొలవాలి

ఒకసారి కొలిచాం కదా అనేది పై తప్పుకి ఇంకో రూపం. ఫిల్టర్ మారిస్తే కొలవండి. సెన్సర్ పెడితే, ఎల్బో మారిస్తే, గొట్టం ఇంకో దారిలో తిప్పితే, ట్యాంకు మూత మారిస్తే కొలవండి. ప్రొపెల్లర్ మార్చినా కొలవాలి. ఇది చాలామందికి తట్టదు. క్లైంబ్‌కి అనువైన ప్రొపెల్లర్ పెడితే ముక్కు ఇంకా లేస్తుంది, టేకాఫ్‌లో ఇంజిన్ ఇంకా వేగంగా తిరిగి ఇంకా తాగుతుంది. మీ పాత కొలత రెండు వైపులా తప్పిపోయింది.

ఫ్యూయల్ సిస్టమ్‌లో ఒక్క మార్పు ఎంత దూరం తీసుకెళ్తుందో గాయకుడు జాన్ డెన్వర్ ప్రమాదంలో ఉంది. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర సముద్రంలో కూలిపోయింది ఆయన లాంగ్ ఈజీ విమానం. డిజైన్ బర్ట్ రుటాన్ అనే ఇంజినీరుది, దాంట్లో ట్యాంకులు మార్చే వాల్వ్ పైలట్ ముందు, కాళ్ళ మధ్య ఉండాలి. ఆ విమానం కట్టినాయన ఫ్యూయల్ గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని దాన్ని వెనక్కి, పైలట్ ఎడమ భుజం వెనక్కి జరిపాడు. పిడికి ఎటు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు లేవు, ఫ్యూయల్ మట్టం చూసే గాజు గొట్టాల మీద కూడా అంకెలు లేవు. డెన్వర్ ఆ విమానాన్ని కట్టలేదు, కొనుక్కున్నాడు. ఆ రోజు ఫ్యూయల్ పోయించుకోకుండానే బయలుదేరాడు. గాల్లో ట్యాంకు మార్చాలంటే విమానాన్ని నడిపే స్టిక్ మీద నుంచి కుడి చెయ్యి తీసి, ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరగాలి. అలా తిరిగితే కుడి కాలు తెలియకుండానే రడ్డర్ (విమానం ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) పెడల్‌ని నొక్కుతుంది. విచారణలో తేలింది అదే. కట్టినాయన ఉద్దేశం మంచిదే, గొట్టాలు దూరంగా ఉంటే మంటల భయం తగ్గుతుంది. కానీ ఆ వాల్వ్‌ని కూర్చున్నచోటి నుంచి, బెల్టు బిగించుకుని, తల తిప్పకుండా తిప్పగలమా అని చూసి ఉంటే అక్కడ పెట్టేవాడు కాదు.

మీరూ అలాగే కూర్చుని చూడండి. కళ్ళు మూసుకుని వాల్వ్ దొరకాలి. పట్టకారుతో తిప్పాల్సినంత బిగుతుగా ఉంటే ఎగరడం బంద్, వాల్వ్ విప్పండి.

ఆగిపోతే

అన్నీ చూసుకున్నా ఆగొచ్చు. బార్నబీ వైన్‌ఫాన్ అని ఏరోడైనమిక్స్ ఇంజినీరు, ఫేసెట్‌మొబీల్ అని ఒకే ఒక్క విమానం కట్టాడు. రెక్కలంటూ వేరే లేవు, బల్లపరుపు పలకలు అతికించిన బాణం మొనలా ఉంటుంది, చూసినవాళ్ళెవరూ ఇది ఎగురుతుందని నమ్మరు. 1993లో ఎగిరింది. 1995లో ఇంజిన్ ఆగిపోయింది, దిగినచోట ముళ్ళకంచెలోకి దూసుకెళ్ళి విమానం దెబ్బతింది. ఆయనకి ఏమీ కాలేదు. విమానం తేలిక, చాలా తక్కువ స్పీడుతో, అదుపులో దిగింది. విమానం పోతే పోయింది, మళ్ళీ కట్టుకోవచ్చు. టేకాఫ్‌లో ఆగితే ముక్కు వెంటనే కిందికి, ఎదురుగా ఉన్నదాంట్లోకి. ఆ ఎదురుగా ఉన్నది ఏమిటో ఎగరకముందే నడిచి వెళ్ళి చూసి రండి, కాలవ ఉందా, కరెంటు తీగలున్నాయా అని.

ఊళ్ళో కట్టేవాళ్ళకి ఒక మాట

ఆంధ్రాలో, తెలంగాణలో బైకు ఇంజిన్‌తో విమానం కడుతున్నామని కుర్రాళ్ళు ఫోటోలు పంపిస్తుంటారు. మీ ఉత్సాహం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా ఎగరొద్దు, పొలంలో రెండడుగులు లేపి చూస్తాం అని కూడా వద్దు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానానికి రిజిస్ట్రేషన్ 2017లో గానీ రాలేదు, ఆయన అప్పటికే పైలట్. ఎన్నేళ్ళు పట్టినా ఆగాడు. మీరూ ఆగండి, ముందు గ్లైడింగ్ గానీ ఫ్లైయింగ్ గానీ నేర్చుకోండి.

ఇక మిగతావి. వరసేమీ లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

- బరువు తూకం కాటా మీద వెయ్యండి, లెక్కలో కాదు. మీరు కూర్చుని ఒకసారి, ట్యాంకు ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి. బరువు మధ్యబిందువు వెనక్కి జరిగిపోయిన విమానం స్టాల్ అయితే (స్పీడు చాలక రెక్క గాలి పట్టు కోల్పోతే) తిరిగి అదుపులోకి రాకపోవచ్చు.
- రంగు వేశాక ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక), ఏలెరాన్లు (రెక్కల చివర కదిలే పలకలు), రడ్డర్ మళ్ళీ బ్యాలెన్స్ చెయ్యండి. రంగుకి బరువుంది, అది కీలు వెనక భాగంలో చేరితే స్పీడులో రెక్క కొట్టుకోవడం మొదలవుతుంది. మొదలయ్యాక మీ చేతిలో ఏమీ ఉండదు.
- స్టిక్ ఎడమకి నెడితే ఎడమ ఏలెరాన్ పైకి లేవాలి. కళ్ళతో చూడండి. కేబుల్ విప్పి బిగించిన ప్రతిసారీ.
- ఫ్యూయల్ గొట్టాల జాయింట్లకి టెఫ్లాన్ టేపు వాడొద్దు. సిలికోన్ పూయొద్దు. టేపు తునకలు తెగి, సిలికోన్ పెట్రోలు తగిలి పాడై కార్బురేటర్ దాకా చేరతాయి.
- ఎథనాల్ కలిసిన పెట్రోలు మీ ట్యాంకు రెజిన్‌కి పడుతుందో లేదో తెలియకుండా పోయొద్దు. ఆ పెట్రోలులోనే రెజిన్ ముక్క నానబెట్టి వారాల తరబడి చూడండి.
- వెంట్ గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కడతాయి. చలికాలం హ్యాంగర్లో ఉన్న విమానానికి ఇది తప్పకుండా చూడాలి. నోటితో ఊది చూస్తే చాలు.
- ట్యాంకు అడుగు నుంచి నీళ్ళు తీసి చూడండి. ఒకసారి నీళ్ళు కనిపిస్తే రెక్కలు ఊపి మళ్ళీ తియ్యండి.
- ఫ్యూయల్ గొట్టం ఎగ్జాస్ట్ పక్క నుంచి వెళ్ళకూడదు. తప్పదంటే వేడి తగలకుండా తొడుగు వెయ్యండి. వేడెక్కితే ఆవిరి బుడగ కడుతుంది, గ్రావిటీ ధార దాన్ని తోయలేదు.
- హై స్పీడ్ టాక్సీ అని రన్‌వే మీద పరుగెత్తించొద్దు. తెలియకుండా లేస్తుంది, మీరు ఎగరడానికి సిద్ధంగా ఉండరు, దిగడానికి రన్‌వే మిగలదు. లేచే స్పీడుకి దగ్గరగా వెళ్తున్నారంటే ఆ రోజు ఎగరడానికి అన్ని విధాలా సిద్ధమై ఉండాలి.
- కట్టే ఏళ్ళల్లో చాలామంది ఎగరడం మానేస్తారు. మీరూ మానేసి ఉంటే మొదటి ఫ్లైట్ మీరు చెయ్యొద్దు. ఎవరి చేతైనా చేయించండి, లేదా మీ విమానానికి దగ్గరగా ఉండే రకంలో ముందు ట్రైనింగ్ తీసుకోండి.
- సొంత డిజైన్ విమానం ఎవరి దగ్గరైనా కొన్నారా? మీకు అది మొదటి ఫ్లైటే. పైన రాసినవన్నీ మీకూ వర్తిస్తాయి, కొలత కూడా.
- కొత్త విమానానికి ఎఫ్ఏఏ పెట్టే టెస్టింగ్ గంటలు 25 గానీ 40 గానీ, నిజంగా ఎగరండి. లాగ్‌బుక్కులో రాసేసి ఓష్కోష్ వెళ్ళొద్దు. జూన్ చివర్లో మొదటి ఫ్లైట్ పెట్టుకున్నవాళ్ళు ఈ ఏడు కారులో వెళ్ళండి.
- ఆ గంటలు అయ్యేదాకా ప్యాసింజర్ వద్దు. భార్య వద్దు, బావమరిది వద్దు, ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు అసలు వద్దు.
- స్పీడు మీటర్ని నమ్మొద్దు. బాగా పైకి వెళ్ళి స్టాల్ చేసి మీ మీటర్ ఏ అంకె చూపిస్తుందో రాసుకోండి, ల్యాండింగ్ స్పీడు దాన్నిబట్టి.
- మొదటి ఫ్లైట్‌కి జనాన్ని పిలవొద్దు. కెమెరాలు పెట్టుకుని ఇరవైమంది నిలబడితే, గాలి బాగోలేదు రేపు చూద్దాం అనడం కష్టమవుతుంది.
- హెల్మెట్ పెట్టుకోండి.
- టేకాఫ్‌లో ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగొద్దు. ఎన్ని అడుగుల ఎత్తు దాటాక తిరగొచ్చో ముందే పైన, ఎత్తులో ప్రాక్టీసు చేసి తెలుసుకోండి, ఆ అంకె ప్యానెల్ మీద రాసి అతికించండి. దానికి కింద ఎదురుగానే.
- చలికాలంలో ఏం విప్పారో అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఫ్యూయల్ ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఏ ఒక్కదాన్ని ముట్టుకున్నా, ముక్కు లేపి కొలవండి. అవును, మళ్ళీ చెప్తున్నా. ఒక్క పూట పని.
- ఈఏఏ టెక్నికల్ కౌన్సిలర్‌ని పిలవండి. వాళ్ళు స్వచ్ఛందంగా వస్తారు, డబ్బు తీసుకోరు. వచ్చినప్పుడు రంగూ తోలు సీట్లూ చూపించొద్దు, కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పి పెట్టండి, కొలత కాగితం చేతికివ్వండి. దాని మీద తేదీ, ఎన్ని డిగ్రీలు లేపారు, ట్యాంకులో ఎంతుంది, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, నాలుగూ ఉండాలి. ఒక్కటి లేకపోయినా ఆ కాగితం చింపేసి మళ్ళీ కొలవండి.